యాట్ అద్దెకి తీసుకుని మనమే నడపాలంటే: ఎక్కడ నేర్చుకోవాలి, ఏ పడవ, ఏ సముద్రం

పోయిన నెల మా బావమరిది బెంగళూరు నుంచి ఫోన్ చేసి "బావా, డిసెంబర్లో రెండు ఫ్యామిలీలు కలిసి ఫుకెట్ పోదాం, హోటల్ ఎందుకు, ఒక క్యాటమరాన్ అద్దెకి తీసుకుందాం, నీకు సర్టిఫికెట్ ఉందిగా నువ్వే నడిపేయ్" అన్నాడు. సెల్ఫ్ డ్రైవ్ ఇన్నోవా తీసుకుని ఊటీ పోదాం అన్నంత తేలిగ్గా అనేశాడు. నాకు సర్టిఫికెట్ ఉన్నమాట నిజమే, కానీ దాని మీద రాసుందేంటంటే తెలిసిన నీళ్ళలో, పగటిపూట, చిన్న యాట్ నడపగలడు అని, అంతే. క్యాటమరాన్ అంటే రెండు పొట్టలు పక్కపక్కన ఉండే పడవ, దాని సంగతి అందులో లేదు, ఎనిమిది మందిని ఎక్కించుకుని తెలియని దీవుల మధ్య తిరిగే సంగతి అసలే లేదు. ఆఫీసులో కూడా ఇదే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగారు, ఎక్కడ నేర్చుకోవాలి, ఏ కోర్సు, ఏ పడవ, ఏ ఊరు అని, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా.

ముందు ఒక్క ముక్క చెప్తాను, మిగతాదంతా దీనిమీదే ఆధారపడి ఉంటుంది. సెయిల్ ఎత్తి గాలికి నడపడం మీరనుకున్నంత కష్టం కాదు, రెండు రోజుల్లో చేతికొచ్చేస్తుంది. కష్టమంతా ఆపడంలో ఉంది. పడవకి బ్రేకులుండవు. నలభై అడుగుల మోనోహల్, అంటే ఒకే పొట్ట ఉన్న మామూలు యాట్, ఎనిమిది తొమ్మిది టన్నులు ఉంటుంది, దాన్ని మెరీనాలో రెండు ఖరీదైన పడవల మధ్య సందులో పెట్టడం, సాయంత్రం దీవి పక్కన యాంకర్ వేసి పొద్దున దాకా అది అక్కడే ఉండేలా చూడటం, మూరింగ్ బోయ్‌ని, అంటే పడవ కట్టేసుకోవడానికి నీళ్ళలో తేలుతూ ఉండే గుండుని, మొదటిసారే కొక్కేంతో అందుకోవడం, డిపాజిట్ పోయేదీ పెళ్ళాంతో గొడవయ్యేదీ ఇక్కడే. అందుకని కోర్సైనా, పడవైనా, ఊరైనా ఎంచుకునేటప్పుడు నేను అడిగేది ఒకటే, ఇందులో ఆపడం ఎంత నేర్పుతారు, అక్కడ ఆపడం ఎంత తేలిక అని.

నేర్చుకోవడం దగ్గర్నుంచి మొదలుపెడదాం. చెన్నైలో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, హార్బర్ లోపలే రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది, 1911 నాటిది, తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్ కూడా అక్కడే ఉంది. ఒలింపిక్స్‌కి క్వాలిఫై అయిన మొదటి భారతీయ మహిళా సెయిలర్ నేత్రా కుమనన్ ఈ ఊరి పిల్లే. ఇక్కడ నేర్పేది ఎక్కువగా డింగీలు, అంటే ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి చిన్న పడవలు, తప్పు చేస్తే వెంటనే బోల్తా కొట్టి నీళ్ళలో పడేస్తాయి. అదే వాటి గొప్ప, గాలి ఎటునుంచి వస్తోందో చెంపకి తెలిసిపోయేలా చేస్తాయి, పెద్ద యాట్ మీద నేర్చుకున్నోడికి ఆ జ్ఞానం ఎన్నాళ్ళకో గానీ రాదు. హైదరాబాద్ వాళ్ళకి హుస్సేన్ సాగర్ ఉంది, అక్కడ కూడా డింగీలే. బెంగళూరు వాళ్ళకి సముద్రం లేదు కాబట్టి నా సలహా, శుక్రవారం రాత్రి మెయిల్ రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై సెంట్రల్, అక్కడినుంచి హార్బర్ ఎంతో దూరం లేదు. కాకపోతే పోర్టు లోపల కదా, గేటు దగ్గర పాస్ సంగతి ముందే క్లబ్ వాళ్ళతో మాట్లాడుకోండి, ఊరికే ఆటో దిగి లోపలికి నడిచిపోతానంటే కుదరదు.

కానీ డింగీలో ఇంజన్ ఉండదు, యాంకర్ ఉండదు, రాత్రి పడుకునే పనే లేదు. అంటే నేను పైన చెప్పిన ఆపడం అనే సబ్జెక్ట్ సిలబస్‌లోనే లేదు. దానికి కీల్‌బోట్, అంటే అడుగున బరువైన రెక్క ఉండే పడవ, కావాలి, పడవలో పడుకుని నేర్చుకునే కోర్సు కావాలి. ముంబైలో కీల్‌బోట్ల మీద నేర్చుకోవచ్చు, కానీ పడమటి తీరం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలకి మూతబడుతుంది, ఇంకా ముంబైలో ఎక్కువగా పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే సెయిలింగే, దీవి దీవికీ లంగరేసి తిరిగే తిరుగుడు కాదు. అందుకే చార్టర్ కోసం, అంటే యాట్ అద్దెకి తీసుకోవడం కోసం, నేర్చుకునేవాళ్ళకి నేను థాయ్‌లాండ్ ఫుకెట్ గానీ మలేషియా లంకావి గానీ చెప్తాను, ఫ్లైటూ కోర్సూ కలిపితే ఖర్చు లక్ష దాటుతుంది, అది ముందే ఇంట్లో చెప్పేయండి.

ఇప్పుడు సర్టిఫికెట్ గొడవ. రెండు పేర్లు వినపడతాయి, బ్రిటన్ వాళ్ళ ఆర్‌వైఏ (రాయల్ యాటింగ్ అసోసియేషన్), అమెరికా వాళ్ళ ఏఎస్ఏ (అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్). ఆర్‌వైఏలో మొదట కాంపిటెంట్ క్రూ అని ఐదు రోజులు, తర్వాత డే స్కిప్పర్ థియరీ దాదాపు నలభై గంటలు, ఆ తర్వాత డే స్కిప్పర్ ప్రాక్టికల్ మళ్ళీ ఐదు రోజులు, దానికి వచ్చేముందే వంద నాటికల్ మైళ్ళూ నాలుగు రాత్రి గంటలూ తిరిగి ఉండాలంటారు. ఏఎస్ఏలో 101, 103, 104 అని నంబర్లు, 104 అయితే బేర్‌బోట్ చార్టర్‌కి, అంటే మనిషి లేకుండా పడవొక్కటే తీసుకోవడానికి అన్నట్టు, చాలాచోట్ల మూడూ కలిపి వారం పది రోజుల్లో పూర్తి చేసేస్తారు. ఏది మంచిది అంటే, సెలవులు తక్కువున్న సాఫ్ట్‌వేర్ జనానికి ఏఎస్ఏ సుఖంగా అనిపిస్తుంది, ఒకే ట్రిప్పులో అయిపోతుంది కాబట్టి. నేను మాత్రం ఆర్‌వైఏ వైపే ఉంటాను, ఎందుకంటే థియరీ ఇంట్లో కూర్చుని రెండు నెలలు నెమ్మదిగా చేసుకోవచ్చు, ఆటుపోట్ల లెక్కలు అందులో పిండేస్తారు, ఆ లెక్కలు రాకపోతే ఏమవుతుందో నాకు అయింది, చెప్తాను.

చెన్నైలో పెరిగిన మనకి, లేదా మా నెల్లూరు వైపు వాళ్ళకి, ఆటుపోట్లంటే పెద్ద లెక్కలోది కాదు. ఇక్కడ పెద్ద పోటుకి కూడా నీళ్ళు మీటరు అటూ ఇటూ లేస్తాయి, బీచ్‌లో చెప్పులు తడుస్తాయి, అంతే. ఫుకెట్ దగ్గర అమావాస్య పున్నములకి రెండున్నర మీటర్ల దాకా తేడా వస్తుంది. నేను కోర్సు అయ్యాక రెండో ట్రిప్పులో, ఫాంగ్ ఙా బేలో ఒక దీవి వెనక సాయంత్రం ఐదు మీటర్ల నీళ్ళలో యాంకర్ వేశాను, గొలుసు ఇరవై మీటర్లు వదిలాను, గొలుసు లోతుకి నాలుగింతలు ఉందిగా అని లెక్క చూసుకుని అన్నం తినేసి పడుకున్నా. నేను వేసింది పాటు సమయంలో. అర్ధరాత్రికి నీళ్ళు రెండున్నర లేచాయి, నీటిమట్టం నుంచి పడవ ముక్కు దాకా ఇంకో మీటరు, అంటే ఎనిమిదిన్నర మీటర్లకి ఇరవై మీటర్ల గొలుసు, రెండున్నర ఇంతలు కూడా లేదు. నాలుగింతలు కావాలంటే ముప్ఫై నాలుగు మీటర్లు వదలాల్సింది. ఒంటిగంటకి వాన గాలి ఒకటి కొట్టింది, యాంకర్ బురదలో ఈడ్చుకుంటూ బయల్దేరింది, నేను నిద్రమత్తులో పైకొచ్చి చూస్తే రాతి కొండ పక్కింటి గోడ అంత దగ్గర్లో ఉంది. ఇంజన్ స్టార్టయింది కాబట్టి బతికిపోయాం. తప్పు పడవదీ కాదు, స్కూలుదీ కాదు, చెప్పిన పాఠమే నేను మర్చిపోయాను. అందుకే నా మాట, ఏ కోర్సైనా సరే, ఆటుపోట్లున్న నీళ్ళలో చేయండి, ఆర్‌వైఏ సర్టిఫికెట్ మీద టైడలా నాన్ టైడలా, అంటే ఆటుపోట్లున్న నీళ్ళా లేనివా అని రాస్తారు కూడా.

ఇంకో మాట, చాలామంది సర్టిఫికెట్ ఉంటే పడవ ఇచ్చేస్తారనుకుంటారు. మధ్యధరా వైపు, క్రొయేషియా లాంటి చోట్ల కాగితం గట్టిగా అడుగుతారు. మన టైపు వేడి సముద్రాల్లో చార్టర్ కంపెనీలు ఎక్కువగా అడిగేది సెయిలింగ్ రెజ్యూమే, ఎన్నాళ్ళు తిరిగారు, ఎంత సైజు పడవ, స్కిప్పర్‌గానా క్రూగానా, యాంకర్ ఎన్నిసార్లు వేశారు. అక్కడికెళ్ళాక ఒక మనిషి మీతోపాటు పడవెక్కి గంట రెండు గంటలు చూస్తాడు, చేతులు చూస్తేనే తెలిసిపోతుంది వాళ్ళకి. కాబట్టి మొదటిరోజు నుంచే లాగ్‌బుక్ రాసుకోండి.

పడవ విషయానికొస్తే, మా బావమరిది పట్టుబట్టింది క్యాటమరాన్ మీదే. పేరు చూస్తే మనవాడి పట్టుదలలో న్యాయం ఉంది, ఆ మాట తమిళం కట్టుమరం నుంచే ఇంగ్లీషులోకి పోయింది, ఇదే కోరమాండల్ తీరం నుంచి, మన వైపు జాలర్లు తెప్ప అంటారు. కాసిమేడు దగ్గర దుంగలు కట్టుకుని అలల మీద పోయిన ఆ తెప్పకీ, ఇప్పుడు ఏసీ, ఫ్రిజ్, నాలుగు బెడ్రూములున్న ఈ తేలే అపార్ట్‌మెంట్‌కీ పేరొక్కటే చుట్టరికం. సరే, పోల్చి చూద్దాం. క్యాటమరాన్ ఒరగదు, టీ కప్పు టేబుల్ మీద అలాగే ఉంటుంది, అమ్మలకీ అత్తలకీ పిల్లకాయలకీ అదే సుఖం. నీళ్ళలోకి దిగేది మీటరు పావు దాకానే, మోనోహల్ రెండు మీటర్లు దిగుతుంది, దీవుల దగ్గరికి పోవడానికి అది పెద్ద తేడా. రెండు ఇంజన్లు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ వేస్తే ఉన్నచోటే తిరుగుతుంది, అంటే నా కొలబద్ద ప్రకారం ఆపడం తేలిక, నిజం ఒప్పుకోవాలి. అద్దె మాత్రం అదే పొడుగు మోనోహల్ కంటే ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెట్టింపు.

మరి నేర్చుకోవడానికి దాన్ని నేనెందుకు వద్దంటున్నా అంటే, మోనోహల్ గాలి ఎక్కువైతే ఒరిగి చెప్తుంది, గిన్నెలు దొర్లుతాయి, ఆడోళ్ళు అరుస్తారు, చుక్కాని బరువెక్కుతుంది, మీకు ఇష్టమున్నా లేకపోయినా సెయిల్ తగ్గిస్తారు. క్యాటమరాన్ ఏమీ చెప్పదు. అలా నిటారుగా హాయిగా పోతూ ఉంటుంది, లోపల మాస్ట్ (సెయిల్ కట్టే స్తంభం) మీదా తాళ్ళ మీదా బరువు పెరిగిపోతుంటుంది. అందుకే దాన్ని గాలి మీటర్ చూసి నడపాలి, చాలా పడవలకి పద్దెనిమిది ఇరవై నాట్ల (గంటకి అన్ని నాటికల్ మైళ్ళ) గాలి దగ్గరే మొదటి రీఫ్ వేయమని, అంటే సెయిల్ కొంత ముడిచి చిన్నది చేయమని కాగితం మీద రాసి ఉంటుంది, వేడి సముద్రాల్లో వాన మబ్బు కింద గాలి నిమిషాల్లో ముప్ఫై దాటుతుంది, ఆ నల్ల గీత దూరంగా కనపడినప్పుడే సెయిల్ దించుకోవాలి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కాకుండా. అందుకని నేర్చుకోవడం మోనోహల్ మీద, కుటుంబంతో చార్టర్‌కి క్యాటమరాన్, మధ్యలో రెండు మూడు రోజుల క్యాటమరాన్ కోర్సు ఒకటి. ఇద్దరు ముగ్గురు స్నేహితులే అయితే మోనోహల్ చాలు, డబ్బులూ మిగులుతాయి, సెయిలింగ్ చేస్తున్న ఫీలింగూ ఉంటుంది.

నీళ్ళ ట్యాంకు గురించి ఒక్క మాట. పడవలో మంచినీళ్ళు కొన్ని వందల లీటర్లే ఉంటాయి, ఎనిమిది మందికి. 2019 ఎండాకాలం చెన్నైలో ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడినవాళ్ళకి ఇది సమస్యే కాదు. బెంగళూరు షవర్ బ్యాచ్‌కి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

ఇక పడవ ఎలా తీసుకోవాలి. బేర్‌బోట్ అంటే పడవొక్కటే ఇస్తారు, మనిషిని ఇవ్వరు, అన్నిటికీ మీరే. స్కిప్పర్డ్ అంటే సరంగుని కూడా ఇస్తారు, రోజు కూలీ, తిండి, పడుకోవడానికి ఒక క్యాబిన్ మనమే ఇవ్వాలి. పూర్తి క్రూతో అంటే వంట మనిషి కూడా, అది వేరే బడ్జెట్, నేను దాని జోలికి పోలేదు. జనాలు స్కిప్పర్‌ని పెట్టుకోవడం చిన్నతనం అనుకుంటారు, నేర్చుకున్నాం కదా ఇంకా వాడెందుకు అని. నా సలహా దీనికి సరిగ్గా రివర్స్, మొదటి చార్టర్‌కి మొదటి రెండు రోజులు స్కిప్పర్‌ని పెట్టుకోండి, తర్వాత దింపేయండి, చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అన్నట్టే, ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, ఆయనకీ ఆ సంగతి తెలుసు. ఆ రెండు రోజుల్లో ఆయన చేత నడిపించుకోకండి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టి మీరు నడపండి, ముఖ్యంగా యాంకర్ రోజుకి మూడుసార్లు వేసి తీయండి, ఇంట్లోవాళ్ళు విసుక్కున్నా సరే. ఎక్కడ అడుగు మట్టి గట్టిగా పడుతుంది, ఏ దీవి వెనక రాత్రి గాలి తిరుగుతుంది అనేది ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.

ఊళ్ళ సంగతి. ఫుకెట్ చుట్టుపక్కల నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా సీజన్, ఈశాన్య గాలి, ఫాంగ్ ఙా బే అంతా సున్నపురాయి కొండల మధ్య చాటుగా ఉంటుంది, అల తక్కువ. అడుగు బురద కాబట్టి యాంకర్ బాగా పట్టుకుంటుంది, గొలుసు సరిపడా వేస్తే, నాలా కాకుండా. నీళ్ళు మాత్రం ఆకుపచ్చగా బురదగా ఉంటాయి, అడుగు కనపడదు, లోతు మీటరే దిక్కు. అద్దంలాంటి నీళ్ళు కావాలంటే ఫీఫీ దీవుల వైపో సిమిలాన్ దీవుల వైపో పోవాలి, సిమిలాన్ మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. లంకావి ఇంకా ప్రశాంతం, జనం తక్కువ, మెరీనాలు బాగుంటాయి, తొంభై తొమ్మిది దీవులంటారు. గాలి ఒక్కోరోజు చచ్చిపోతుంది, ఇంజన్ మీద పోవాల్సి వస్తుంది, మొదటిసారి స్కిప్పర్ అయినవాడికి అదేం చెడ్డ సంగతి కాదు.

సీషెల్స్ అందం వేరే లెక్క, తుఫాన్ల దారికి బయట ఉంటుంది, వీసా మనకి అక్కర్లేదు, ముందుగా ఆన్‌లైన్ పర్మిషన్ పెట్టుకుంటే చాలు. కానీ మాహే నుంచి ప్రాలిన్ పోవడానికి పాతిక నాటికల్ మైళ్ళ దాకా ఓపెన్ సముద్రం, మే నుంచి అక్టోబర్ దాకా ఆగ్నేయ గాలి గట్టిగా వీస్తుంది, కొత్తవాళ్ళ కడుపులో ఏదీ ఉండదు. అవోమిన్ ముందురోజు రాత్రే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికే వస్తుంది. అక్కడ ఇసుక చూసి యాంకర్ వేయాలి, పగడాల మీద వేయకూడదు. నీళ్ళ రంగు చదవడం వచ్చి ఉండాలి, ముదురు నీలం లోతు, లేత నీలం ఇసుక, గోధుమ రంగు మచ్చ కనపడితే అది పగడం, పక్కకి తప్పుకోండి. ఈ రంగులు కూడా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు మధ్య, సూర్యుడు వీపు వైపు ఉంటేనే కనపడతాయి, పోలరైజ్డ్ అద్దాలు పెట్టుకుని. సాయంత్రం ఐదింటికి సూర్యుడికి ఎదురుగా కొత్త చోటికి చేరేలా ప్లాన్ వేసుకున్నవాడు తెలివితక్కువవాడు, ఆ ప్లాన్ నేనూ ఒకసారి వేశాను.

బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ అని కరీబియన్‌లో ఉంది, బేర్‌బోట్ నేర్చుకునేవాళ్ళకి బడి లాంటిది, దీవి నుంచి దీవి కంటికి కనపడుతుంది, ఆటుపోట్లు అరమీటరు కూడా ఉండవు, రాత్రికి డబ్బులు కట్టి మూరింగ్ బోయ్‌కి కట్టేసుకుంటే యాంకర్ దిగులే లేదు. ఆపడం తేలికైన చోటు అంటే ప్రపంచంలో అదే. కానీ చెన్నై నుంచి చేరేసరికి ఒకటిన్నర రోజు, టికెట్ ధరకి లంకావిలో ఇంకో వారం ఉండొచ్చు. పైగా అక్కడ బోయ్ రంగులు తిరగేసి ఉంటాయి. మన చెన్నై హార్బర్లోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయ్ ఎడమవైపు ఉంటుంది, థాయ్‌లాండ్, మలేషియా, సీషెల్స్ అన్నిచోట్లా అదే పద్ధతి, అమెరికా ఖండాల వైపు మాత్రం ఎరుపు కుడిచేతికి. ఇక్కడ నేర్చుకుని అక్కడికి పోయేవాళ్ళు ఇది చేతి మీద రాసుకోవాలి.

అండమాన్ మనదే కదా అక్కడ కుదరదా అని అందరూ అడుగుతారు. పర్మిషన్లు ఎక్కువ, చాలా దీవులకి దగ్గరికే పోనివ్వరు, ఫుకెట్‌లోలాగా వరసగా పడవలు పెట్టుకుని తాళాలిచ్చే వ్యాపారం లేదు. బాధగానే ఉంటుంది, అంత మంచి నీళ్ళు పెట్టుకుని.

మా అత్తగారు ఇదంతా విని "మన ఇళ్ళల్లో ఆడపిల్లల్ని సముద్రంలోకి తీసుకెళ్ళడమేంది" అన్నారు. 2017 సెప్టెంబర్లో గోవా నుంచి బయల్దేరి ప్రపంచమంతా చుట్టి 2018 మేలో తిరిగొచ్చిన నేవీ పడవ తారిణి ఉంది కదా, అందులో ఉన్న ఆరుగురూ ఆడవాళ్ళే, వాళ్ళలో స్వాతిది విశాఖ, ఐశ్వర్యది హైదరాబాద్ అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆగి, సరే గానీ వంట గ్యాస్ మీదా కరెంటు మీదా అని అడిగారు. గ్యాసే.

చివరికి మేం తేల్చుకున్నదేంటంటే, ఈ డిసెంబర్ కాదు, వచ్చే ఫిబ్రవరి, లంకావి, నలభై అడుగుల లోపు క్యాటమరాన్, మొదటి రెండు రోజులు స్కిప్పర్. దానికి ముందు నేను క్యాటమరాన్ కోర్సు చేస్తాను, బావమరిది చెన్నై వచ్చి ఆరు వారాంతాలు డింగీ నేర్చుకుంటాడు, ఎందుకంటే ముక్కు దగ్గర నిలబడి యాంకర్ చూసే మనిషి కూడా స్కిప్పర్ అంత తెలిసినవాడై ఉండాలి. మెయిల్‌కి టికెట్లు బుక్ చేసేసుకున్నాడు. నిన్న రాత్రి కుర్చీ కోడుకి తాడు కట్టి "బౌలైన్ ముడి వచ్చేసింది బావా" అని వాట్సాప్‌లో ఫొటో పంపాడు. జూమ్ చేసి చూశాను, అది మా ఊళ్ళో బర్రెని గుంజకి కట్టే ముడి.